మొదటి ప్రయాణపు ఫొటోలు ఆరు: మొహమాటం లేకుండా చెప్పండి

కొత్తకెమెరా (సందేశం 1)

అందరికీ నమస్కారం. కెమెరా చేతికి వచ్చి ఐదు నెలలైంది, దాన్ని వెంటబెట్టుకుని వెళ్లిన మొదటి ప్రయాణం ఇదే. నాలుగు రోజుల్లో పదకొండు వందల పైచిలుకు ఫొటోలు తీసి, తిరిగి వచ్చాక రెండు వారాలు ఏరి, చివరికి ఆరింటిని ఇక్కడ పెడుతున్నాను. ఇప్పటిదాకా చూపించినవాళ్లందరూ బాగున్నాయనే అన్నారు. ఏది ఎందుకు బాగుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నాకైతే ఈ ఆరింటిలో ఒక్కటి కూడా నేను అక్కడ చూసినదానిలా అనిపించడం లేదు.

మొదటిది సూర్యోదయం వేళ సరస్సు, పైన ఎడమవైపు ఒక పక్షి కూడా పడింది. రెండోది కోట బురుజు, కింద నుంచి పైకి తీసినది. మూడోది మధ్యాహ్నం ఒంటిగంటకు జలపాతం. నాలుగోది ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్న జాలరి. ఐదోది కొండ మీద చంద్రుడు. ఆరోది బస్సు కిటికీలోంచి లోయ. అన్నీ కెమెరాతో పాటు వచ్చిన 18–55 మి.మీ. జూమ్ లెన్స్‌తో, ఏపీఎస్-సీ అనే కొలత సెన్సర్ (కెమెరా లోపల కాంతిని పట్టే పలక) మీద, జేపెగ్‌లోనే తీశాను. సెట్టింగుల వివరాలు ఒక్కొక్క ఫొటో కింద ఇచ్చాను. తప్పులు చెప్పమని అడగడానికే వచ్చాను కనుక దయచేసి మొహమాటపడకండి.

ముక్కుసూటి (సందేశం 2)

అడిగారు కనుక చెబుతున్నాను. మొదటి ఫొటోలో దిగంతరేఖ కుడివైపుకు వాలిపోయి సరస్సులో నీళ్లు ఒలికిపోయేలా ఉన్నాయి, పైగా ఆ రేఖ సరిగ్గా మధ్యలో పడింది. రెండోదానిలో బురుజు వెనక్కి పడిపోతోంది. మూడోది తెల్లగా కాలిపోయింది. నాలుగోదానిలో చెయ్యి వణికింది. ఐదోదానిలో చంద్రుణ్ణి వెతుక్కోవలసి వచ్చింది. ఆరోదానిలో లోయ కంటే మీ గళ్ల చొక్కా స్పష్టంగా ఉంది. ఆ లెన్స్‌తో ఇంతకంటే ఏమీ రాదు, మంచిది కొనుక్కోండి. పదకొండు వందలు తీయడం మాని పదకొండు తీయండి.

నీటిరంగు (సందేశం 3)

ముక్కుసూటి గారూ, మీరు చెప్పినవాటిలో సగానికి పైగా నిజమే. అయితే "కాలిపోయింది" అని వదిలేస్తే ఆయన రేపు మళ్లీ జలపాతం ముందు నిలబడినప్పుడు ఏం చేయాలో తెలియదు కదా. తప్పు పేరు చెప్పడం ఒక పని, అది ఎక్కడ పుట్టిందో చెప్పడం ఇంకో పని. ఈ రెండోదాని కోసమే ఆయన వచ్చారు.

నేను మొదటి ఫొటో ఒక్కదాని గురించే చెబుతాను. వాలు నిజమే, ఒక డిగ్రీకి పైనే ఉంది. అవతలి ఒడ్డును నమ్మి సరిచేయకండి, ఎందుకంటే ఒడ్డు మనకు ఏటవాలుగా ఉంటే నీటిమట్టం సమంగానే ఉన్నా అది వాలినట్టే కనిపిస్తుంది. చెట్టు కాండమూ నీటిలో దాని ప్రతిబింబమూ ఒకే నిలువు గీతలో ఉన్నాయో లేదో చూసి తిప్పండి, నిలకడగా ఉన్న నీరు అబద్ధం చెప్పదు.

రేఖ మధ్యలో ఉండటం మాత్రం తప్పని నేను అనను. చిత్రాన్ని మూడు భాగాలు చేసి రేఖను ఒక వంతు దగ్గర ఉంచాలన్న మాటకు మూడో వంతు నియమం (రూల్ ఆఫ్ థర్డ్స్) అని పేరు పెట్టి పుస్తకంలో రాసినది జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు, 1797లో. అంటే ఫొటోగ్రఫీ పుట్టకముందే. ఆయన చెప్పినదీ ప్రకృతి దృశ్యాల్లో వెలుగునీడల పాళ్ల గురించే తప్ప గీత దాటితే నేరమని కాదు. మీ ఫొటోలో కొండ పైన ఎంత ఉందో నీటిలో అంతే ఉంది. ఆ రెండు సగాలు ఒకదాన్నొకటి చూసుకోవడమే అక్కడి అందం, రేఖను పైకో కిందికో జరిపితే ఆ చూపు తెగిపోతుంది.

ఇక ఆ పక్షి. మీ మూడో ఫొటో తెరిచి, పైన ఎడమవైపు సరిగ్గా అదే చోట చూడండి. జలపాతం పక్కన తెల్లని ఆకాశంలో అదే పక్షి, అదే భంగిమలో ఎగురుతోంది.

కొత్తకెమెరా (సందేశం 4)

ఇప్పుడే చూశాను. రెండు వారాలు ఆ పక్షిని చూసి మురిసిపోయాను. ఇంతకీ అదేమిటి?

మూడుకాళ్లు (సందేశం 5)

సెన్సర్ మీద కూర్చున్న దుమ్ము. ఆ రెండు ఫొటోలూ ఎఫ్/22 దగ్గర తీశారు కనుకనే బయటపడింది. అపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ అది చిన్నదవుతుంది) బాగా మూసినప్పుడు కాంతి సన్నని దారిలో వచ్చి దుమ్ము నీడను గట్టిగా వేస్తుంది. ఎఫ్/5.6 దగ్గర అదే దుమ్ము నీడ చెదిరిపోయి కంటికి ఆనదు. మీ జాలరి ఫొటోలో అది కనిపించకపోవడానికి కారణం అదే. ఎఫ్/22 దగ్గర ఫోకస్ తప్పించి, ఖాళీ ఆకాశాన్నో తెల్లగోడనో ఒక ఫొటో తీస్తే ఇంకా ఎన్ని "పక్షులు" ఉన్నాయో తెలుస్తుంది. శుభ్రం చేయడానికి ముందు కెమెరాలోనే ఉండే క్లీనింగ్ మోడ్ వాడండి, అప్పటికీ పోకపోతే లెన్స్ తీసి కెమెరా నోటిని కిందికి పెట్టి రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో మాత్రం ఊదకండి, తుంపర పడితే దుమ్ము కంటే పెద్ద తలనొప్పి.

అసలు సరస్సుకు ఎఫ్/22 ఎందుకు పెట్టారు? అంతా స్పష్టంగా రావాలంటే అపర్చర్ మూయాలని ఎక్కడో చదివి ఉంటారు, నేనూ మొదట అలాగే చేశాను. మీ సెన్సర్ మీద 18 మి.మీ. దగ్గర ఎఫ్/8 పెట్టి సుమారు రెండు మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, మీటరు దూరం నుంచి అవతలి కొండ దాకా అన్నీ చాలినంత స్పష్టంగా వస్తాయి. అక్కడి నుంచి ఇంకా మూస్తూ పోతే కాంతి అపర్చర్ అంచుల దగ్గర వంగి చెదరడం వల్ల ఫొటో మొత్తం కాస్త మెత్తబడుతుంది. అంటే స్పష్టత కోసం మూసిన అపర్చరే స్పష్టతను తినేసింది, దానికి తోడు దుమ్మును పక్షిగా మార్చింది.

జలపాతం విషయమూ అక్కడికే వస్తుంది. నీళ్లు పాలధారలా రావాలని షటర్ వేగాన్ని (కాంతిని లోపలికి రానిచ్చే సమయాన్ని) అర సెకనుకు పెట్టారు, కెమెరా తనకు చేతనైనంత మూసుకుని ఎఫ్/22 దగ్గర ఆగిపోయింది. అయినా వెలుతురు ఎక్కువే. నిండు ఎండలో ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/16 దగ్గర సుమారు 1/100 సెకను సరిపోతుంది, దాని ప్రకారం ఎఫ్/22కు 1/50 చాలు. మీరు ఇచ్చినది 1/2, అంటే కావలసినదానికి ఇరవై అయిదు రెట్లు. ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఆ తెలుపులో నీటి గీత ఒక్కటి కూడా తిరిగి రాదు. రా ఫైలులో (సెన్సర్ పట్టినదాన్ని ముడిగా దాచే ఫైలులో) తీస్తే కొంత వెసులుబాటు ఉంటుంది, జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లయితే 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. కానీ అదీ నిండి పొర్లిపోయాక చేసేదేమీ లేదు. తీసిన వెంటనే హిస్టోగ్రామ్ (చీకటిని ఎడమన, వెలుతురును కుడిన చూపే గ్రాఫు) చూడటం అలవాటు చేసుకోండి, గుట్ట కుడి గోడకు అతుక్కుపోయి ఉంటే ఆ ఫొటోను అక్కడే మళ్లీ తీయాలి. తిరిగి వచ్చాక చూసుకుంటే ఏం లాభం?

ఒంటిగంట ఎండలోనే తీయక తప్పదంటే ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే నల్లని గాజు, ఒక్కో స్టాపు వెలుతురును సగం చేస్తుంది) ఒకటి కావాలి. అది వెలుతురును 64వ వంతుకు తగ్గిస్తుంది కనుక ఎఫ్/11 దగ్గర 1/200 పెట్టవలసిన చోట మీకు సుమారు 1/3 సెకను దొరుకుతుంది. కెమెరాను కదలకుండా నిలబెట్టడానికి ట్రైపాడ్ కూడా ఉండాలి. రెండూ లేకపోతే ఎండ లోయలోకి దిగకముందే వెళ్లండి, అది అన్నిటికంటే చవక.

నాలుగో ఫొటోలో చెయ్యి వణికిందన్నది మాత్రం పొరపాటు. సెట్టింగులు చూడండి: 55 మి.మీ., 1/500. ఆ లెన్స్‌కు ఆ సెన్సర్ మీద 1/80 చాలు, 1/500 దగ్గర ఎంత వణికే చెయ్యైనా ఇంత మసక తేలేదు. ఫొటోను వంద శాతానికి పెంచి, ముందు వేలాడుతున్న తాడును చూడండి, దాని పీచు పోగులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. చెయ్యి వణికి ఉంటే ఆ తాడు కూడా చెదరాలి. ఫోకస్ ఎక్కడ పెట్టాలో మీరు కెమెరాకు వదిలేశారు, అది చాలా కెమెరాలు చేసేదే చేసింది, తనకు అందరికంటే దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంది. ఒకే ఫోకస్ పాయింట్ ఎంచుకుని దాన్ని ఆయన వేళ్ల మీద పెట్టి ఉండవలసింది.

ముక్కుసూటి (సందేశం 6)

తాడు నేను పెంచి చూడలేదు. ఫోకసే తప్పింది, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి అలాగే ఉన్నాయి.

కిటికీసీటు (సందేశం 7)

ఆరోదాని గురించి రెండు మాటలు. ప్రతిబింబాలు పోవాలంటే లెన్స్ అంచును అద్దానికి దాదాపు ఆనించాలి, బస్సు అదురు లెన్స్‌కు ఎక్కకుండా వెంట్రుకంత సందు ఉంచాలి. మధ్యలోకి వెలుతురు రాకుండా చేతినో నల్లని గుడ్డనో అడ్డం పెట్టండి, లేత రంగు చొక్కాలు వేసుకోకండి. షటర్ 1/1000 కంటే తగ్గకూడదు, తగ్గితే దగ్గరి చెట్లన్నీ గీతలవుతాయి. అన్నీ చేసినా పదింటిలో ఒకటి వస్తుంది. నేను ఏడేళ్లుగా కిటికీ పక్కనే కూర్చుంటున్నాను, ఆ లెక్క మారలేదు.

పాతరీలు (సందేశం 8)

అందరూ చెప్పినవి శ్రద్ధగా చదివాను, సాంకేతికంగా నేను చేర్చవలసినది పెద్దగా లేదు. అయితే ఒక సంగతి మనందరం దాటిపోయాం. ఈ ఫొటోలు సరిగ్గా ఉన్నాయా లేదా అని మనం చూస్తున్నాం, ఆయన అడిగినది అది కాదు. "నేను అక్కడ చూసినదానిలా లేదు" అన్నారు. ఆయన ఏం చూశారో తెలియకుండా ఆ మాటకు జవాబు ఎవరు చెప్పగలరు?

కొత్తకెమెరా గారూ, ఒక పని చేయండి. ఫొటోలు తెరవకుండా, ఒక్కొక్క చోట మీ కాళ్లు ఎందుకు ఆగాయో ఒక్కో వాక్యంలో రాయండి. "అందంగా ఉంది కనుక" అని రాయకండి. ఏది చూసి, ఏది విని ఆగారో అది రాయండి. కెమెరా తీయకముందు ఆ అర నిమిషంలో మీ దృష్టి దేని మీద ఉందో అది కావాలి.

కొత్తకెమెరా (సందేశం 9)

ఇది నేను అనుకున్నదాని కంటే కష్టమైంది. రాత్రి కూర్చుని రాశాను.

సరస్సు దగ్గర ఆగినది సూర్యుణ్ణి చూసి కాదు, నీటి మీద మంచు పొగ ఒక వైపు నుంచి మరో వైపుకు నడుస్తున్నట్టు కదులుతుంటే చూసి. అది ఫొటోలో లేదు.

బురుజు దగ్గర, పైకి చూసేసరికి మెడ పట్టేసింది. అంత ఎత్తని దూరం నుంచి తెలియలేదు.

జలపాతం దగ్గర ఆగినది దాని చప్పుడుకు. మలుపు తిరగకముందే, చెట్ల వెనక నుంచే వినిపించింది.

జాలరి దగ్గర చేతులు. ఆయన చేతుల వంక చూసుకోవడమే లేదు, వేళ్లు వాటంతట అవే ముడులు వేస్తున్నాయి.

చంద్రుడు చాలా పెద్దగా కనిపించాడు, కొండను మింగేసేలా.

బస్సు కిటికీ దగ్గర ఏమీ లేదు. అందరూ తీస్తున్నారని తీశాను.

పాతరీలు (సందేశం 10)

ఆరోదానికి మీరు రాసిన జవాబు చాలు, దాన్ని తీసేయండి. కిటికీసీటు గారు క్షమించాలి.

ఇప్పుడు మిగతా అయిదూ మళ్లీ చూద్దాం. ముక్కుసూటి గారు బురుజు వెనక్కి పడిపోతోందన్నారు, మామూలుగా అయితే నేనూ అదే అనేవాడిని. కెమెరాను పైకి ఎత్తితే నిలువు గీతలన్నీ పైన దగ్గరికి వస్తాయి. అవి సమాంతరంగా ఉండాలంటే దూరంగా వెళ్లి, కెమెరాను నిటారుగా పట్టుకుని, తర్వాత కింది నేలను కత్తిరించుకోవాలి. కట్టడాన్ని కట్టడంగా చూపించాలంటే అదే పద్ధతి. కానీ మీరు ఆగినది మెడ పట్టేసినందుకు! ఆ ఎత్తు మీద పడుతున్నట్టు అనిపించినందుకు. అలాంటప్పుడు గీతలు సరిచేస్తే మీరు చూసినదాన్ని చెరిపేసినట్టే అవుతుంది. మీ ఫొటోలోని లోపం వాలు ఉండటం కాదు, చాలినంత లేకపోవడం. 35 మి.మీ. దగ్గర, ముప్ఫై అడుగుల దూరంలో నిలబడి కాస్త తల ఎత్తి తీశారు కనుక అది పొరపాటున వాలినట్టుంది. గోడను తాకేంత దగ్గరికి వెళ్లి, 18 మి.మీ. పెట్టి, నిలువుగా తీసి ఉంటే చూసేవాళ్లకు కూడా మెడ పట్టేది.

సరస్సు దగ్గర మీరు పొగ కోసం ఆగి సూర్యుణ్ణి తీశారు. పొగ తన వెనక నుంచి వచ్చే కాంతిలో మెరుస్తుంది, కానీ దాని వెనక చీకటి ఉంటేనే ఆ మెరుపు కనిపిస్తుంది. మీ ఫొటో ఎడమ అంచున కొండ నీడ నల్లగా మొదలవుతోంది, చూశారా? కెమెరాను ఆ వైపుకు కొంచెం తిప్పి, సూర్యుణ్ణి చట్రం బయటికి నెట్టేస్తే, ఆ నలుపు మీద పొగ తెల్లగా నడిచేది. తెల్లని ఆకాశం మీద తెల్లని పొగను ఏ కెమెరా చూపించగలదు?

జలపాతానిది వేరే సమస్య. చప్పుడు ఫొటోలోకి రాదు. అయితే ఆ చప్పుడు చేసే పని ఏదో అక్కడే ఉంటుంది, దాన్ని వెతకాలి. తుంపర తగిలి ఒక ఆకు ఆగకుండా ఊగుతూ ఉండవచ్చు, రాయి మీద పడిన ధార పగిలి పైకి లేస్తూ ఉండవచ్చు. అది మీ గుర్తులో ఉంటే నీళ్లను పాలధార చేయడం అసలు సరైన పనేనా అని నాకు సందేహం. పాలధార నిశ్శబ్దంగా ఉంటుంది. మీరు విన్నది హోరు, దానికి 1/1000 పెట్టి ప్రతి చుక్కనూ గాలిలో ఆపడమే దగ్గర.

మూడుకాళ్లు (సందేశం 11)

ఎన్‌డీ ఫిల్టర్ గురించి అంత పెద్ద పేరా రాసిన నాకు ఇది కాస్త గుచ్చుకుంది కానీ ఒప్పుకుంటున్నాను. ఎండలో 1/1000కి ఐఎస్ఓ 200, ఎఫ్/8 దగ్గర వెలుతురు సరిపోతుంది, ఏ సామగ్రీ కొననక్కరలేదు. అయితే పాలధారలన్నీ నిశ్శబ్దమేనన్నది మీ అభిరుచి, నియమం కాదు.

చంద్రుడి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అది అభిరుచి కాదు, లెక్క. చంద్రుడు ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే ఉంటాడు. చెయ్యి చాచి పట్టుకుంటే చిటికెన వేలి గోరు వెనక దాక్కుంటాడు. సెన్సర్ మీద అతని బొమ్మ ఎంత ఉంటుందో తెలియాలంటే లెన్స్ మీది మి.మీ. అంకె, అంటే ఫోకల్ లెంగ్త్‌ను 110తో భాగించండి: 55 మి.మీ. దగ్గర అర మిల్లీమీటరు. మీ సెన్సర్ వెడల్పు దాదాపు 23.5 మి.మీ. కనుక ఫొటో వెడల్పులో నలభై ఏడో వంతు. 300 మి.మీ. లెన్స్‌తో కూడా అతను 2.7 మిల్లీమీటర్లకు మించడు. కొండ అంచున ఉన్నప్పుడు పెద్దగా కనిపించడం మన మెదడు చేసే మాయ, కెమెరాకు ఆ మాయ తగలదు.

వెలుతురుదీ ఒక చిక్కు ఉంది. చంద్రుడంటే మన రాత్రిలో వేలాడుతున్న ఎండ పడ్డ రాయి. ఐఎస్ఓ 100, ఎఫ్/11, 1/125 దగ్గర మొదలుపెడితే మచ్చలు కనిపిస్తాయి. మీరు ఐఎస్ఓ 3200, ఎఫ్/5.6, 1/4 ఇచ్చారు. చీకటి కొండకు అది కావాలి, చంద్రుడు అందుకే తెల్ల చుక్క అయ్యాడు. రెండూ ఒకే ఫొటోలో కావాలంటే పౌర్ణమికి ముందు రోజు వెళ్లండి. చంద్రోదయం రోజుకు సగటున యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, పౌర్ణమి నాడు సూర్యాస్తమయం ప్రాంతంలో ఉంటుంది. అంటే చతుర్దశి నాడు సూర్యుడు ఇంకా కొండ మీద వెలుగు పోస్తుండగానే చంద్రుడు పైకి వచ్చేస్తాడు, నేలకూ ఆకాశానికీ వెలుతురు సరిసమానంగా ఉంటుంది.

ముక్కుసూటి (సందేశం 12)

కాబట్టి పెద్ద లెన్స్ కొనమని నేను మొదటే చెప్పాను.

నీటిరంగు (సందేశం 13)

చంద్రుడు ఒక్కడికే అయితే సరే, కొనవచ్చు. మిగతా నాలుగు ఫొటోల్లో ఏ లోపం కొత్త లెన్స్‌తో పోతుందో చెప్పండి. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెస్సాన్ జీవితంలో చాలా భాగం ఒక్క 50 మి.మీ. లెన్స్‌తోనే పనిచేశారు. కొత్తకెమెరా గారి సెన్సర్ మీద దానికి సమానమైనది 35 మి.మీ. దగ్గర, ఆయన చేతిలో ఉన్న లెన్స్‌లోనే ఉంది. ఒక నెల జూమ్ రింగును 35 దగ్గర టేపుతో అతికించి, దగ్గరికీ దూరానికీ కాళ్లతో వెళ్లమని నేనంటాను. మెడ పట్టే దూరం ఏదో అప్పుడు కాళ్లకే తెలుస్తుంది.

జాలరి ఫొటో గురించి ఎవరూ పూర్తిగా మాట్లాడలేదు. కుడివైపు సగం ఖాళీ ఇసుకే ఉంది. ఫోకస్ తప్పినా ఈ ఆరింటిలో నేను మళ్లీ మళ్లీ తెరిచినది ఇదే, కానీ ఆ ఇసుకను కత్తిరించాలి. చేతులు చూసి ఆగారు కదా? అయితే చేతుల దగ్గరికి వెళ్లాలి.

పాతరీలు (సందేశం 14)

కత్తిరించకండి. వల ఆ ఖాళీలోకి పరుచుకుని ఉంది, ఇసుకలో దాని గీత ఎంత దూరం పోతుందో చూడండి. ఆయన ముందు ఇంకా అంత పని మిగిలి ఉందని ఆ ఖాళీయే చెబుతోంది. చేతుల వరకే ఉంచితే అది ముడి వేయడం ఎలాగో చూపించే బొమ్మ అవుతుంది.

నీటిరంగు (సందేశం 15)

వల గీత చట్రం మధ్యకు రాకముందే ఇసుకలో కలిసిపోయింది, అక్కడి నుంచి కుడి అంచు దాకా మిగిలినది ఇసుకే. మీరు అక్కడ పని చూస్తున్నారు, నేను ఇసుక చూస్తున్నాను.

కొత్తకెమెరా (సందేశం 16)

ఇద్దరూ చెప్పినట్టు రెండు విధాలుగా చేసి కింద పెట్టాను. కత్తిరించినది చూస్తే నీటిరంగు గారు, మొత్తం ఉన్నది చూస్తే పాతరీలు గారు సరే అనిపిస్తున్నారు. నాకు ఇంకా తేలలేదు.

ఈ ఫొటో గురించి నేను చెప్పని సంగతి ఒకటుంది. తీసిన తర్వాత దగ్గరికి వెళ్లి, ఇలా తీశాను, ఉంచుకోవచ్చా అని అడిగి, తెర చూపించాను. ఆయన తన ముఖం చూసుకుంటారని అనుకున్నాను. ఆయన రెండు వేళ్లతో తెర మీద వలను చూపించి, దీన్ని పెద్దది చెయ్యమన్నారు. పెంచాను. మసకగా ఉన్న ఆ ముడిని చాలాసేపు చూసి, కనబడటం లేదని తిరిగి ఇచ్చేశారు. ఫోకస్ తప్పిందని ఈ వేదికలో అందరికంటే ముందు చెప్పినది ఆయనే, నాకే అప్పుడు అర్థం కాలేదు. ఉంచుకోవడానికి మాత్రం ఒప్పుకున్నారు.

పాతరీలు (సందేశం 17)

అడిగినందుకు సంతోషం. తీసే ముందే అడిగితే మనిషి బిగుసుకుపోతాడని కొందరంటారు, తీశాక అడగడం సగం మోసమని మరికొందరంటారు. నేను ముందు కాసేపు పక్కన కూర్చుంటాను. కెమెరా ఒడిలో కనిపిస్తూనే ఉంటుంది, వద్దనుకుంటే ఆయనే చెబుతారు.

ఇక మీరు ఆ ఇద్దరి మాటా పట్టించుకోకండి, నాదీ నీటిరంగు గారిదీ. ఆ ముడి కనబడేలా తీసి ఉండవలసింది. కత్తిరించడం, కత్తిరించకపోవడం ఆ తర్వాతి మాట.

నీటిరంగు (సందేశం 18)

ఈ ఒక్కదానికి నేనూ పాతరీలు గారూ ఒకే మాట మీద ఉన్నాం, ఇది అరుదు.

కొత్తకెమెరా (సందేశం 19)

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. దుమ్ము పోయింది, తెల్లగోడ మీద తీసి చూశాను. పాత ఫొటోలు పదకొండు వందలూ మళ్లీ తెరిచి, ఒక్కొక్కదానికి ఎందుకు ఆగానో రాయడం మొదలుపెట్టాను. నలభై దాటేసరికి చాలావాటికి జవాబు లేదని తెలిసి ఆపేశాను.

మొన్న ఒక్కరోజు సెలవు దొరికితే ఆ కోటకే మళ్లీ వెళ్లాను. పొద్దుననే గోడ మొదట్లో వెల్లకిలా పడుకుని, 18 మి.మీ., ఎఫ్/8, 1/250 పెట్టి బురుజును నిలువుగా తీశాను. కాపలాదారు వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఇరవై మూడు తీసి ఒక్కటే పెడుతున్నాను. ఆగినది దేనికంటే, కింది రాయి నా తలకంటే పెద్దదిగా ఉంది, పైవరుస రాయి నా గోరంత ఉంది, కానీ అన్నీ ఒకే కొలత రాళ్లు.

మూడుకాళ్లు (సందేశం 20)

రాళ్ల సంగతి మీరు చెప్పకపోయినా కనిపిస్తోంది. వెలుతురు పక్క నుంచి పడటం వల్ల ప్రతి రాయి అంచూ విడిగా తెలుస్తోంది. పైభాగం ఇంకో అర స్టాపు తగ్గి ఉంటే ఆకాశంలో నీలం కాస్త మిగిలేది.

నీటిరంగు (సందేశం 21)

చూడగానే నేను కుర్చీలో వెనక్కి వాలాను.

ముక్కుసూటి (సందేశం 22)

బురుజు పడిపోతోంది, ఈసారి పడిపోవలసినట్టే పడిపోతోంది. లెన్స్ గురించి నేను చెప్పినది ఈ ఫొటో వరకు వెనక్కి తీసుకుంటున్నాను. అయితే నొక్కే ముందు నాలుగు మూలలూ చూసుకోవాలి. ఎడమ కింది మూలలో నల్లగా ఒకటి ఉంది. అది మీ బూటు కొన అని నా అనుమానం.

కొత్తకెమెరా (సందేశం 23)

బూటే. పక్షి అని మాత్రం ఈసారి అనను.